అచ్చురాయి మీద నాలుగు వరుసలు

నేను ఒక రాయిని. మొక్కేందుకు నిలబెట్టిందీ కాదు, తొక్కేందుకు పరిచిందీ కాదు, అచ్చురాయిని. పుట్టింది జర్మనీ దేశపు సున్నపురాతి గనిలో. ఓడెక్కి బొంబాయి, రైలెక్కి హైదరాబాదు చేరి, పత్తర్‌గట్టి వెనక సందులో ఒక ఉర్దూ ముద్రణాలయంలో నలభై ఏళ్లు పనిచేశాను. రాళ్ల పేరున్న వీధిలో ఇంకో రాయి తక్కువైందని కాబోలు, నన్ను అంత దూరం నుంచి తెప్పించారు.

నా పని చిత్రమైనది. కాతిబు, అంటే పుస్తకాన్ని అందంగా చేత్తో రాసే ఆయన, జిడ్డు సిరాతో పసుపు కాగితం మీద రాస్తాడు. ఆ కాగితాన్ని నా మీద బోర్లించి అదిమితే అక్షరాలన్నీ అద్దంలోలా తిరగబడి నాకు అంటుకుంటాయి. ఎక్కడైనా గీత విరిగితే రాతి మీదే, ఆ తిరగబడిన అక్షరాల్లోనే సరిచేసే పనివాడు వేరు. ఆయన్ని సంగ్‌సాజ్ అంటారు. ప్రతులు తీయడం అయ్యాక, రాళ్లు కడిగే పనివాడు రాజవీరు ఇసుకా నీళ్లూ పోసి నన్ను రుద్ది మళ్లీ ఖాళీ చేసేవాడు. ప్రాణం పోయినా మరిచిపోమని మనుషులు రాసుకున్న మాటల్ని అతను అరపూటలో కడిగేసేవాడు.

మా కాతిబు ఖమరుద్దీన్ సున్నీ. సంగ్‌సాజ్ మీర్ జవాద్ అలీ షియా. పాతికేళ్లుగా ఒకే చాప మీద కూర్చుని ఒక చాయ్‌ను ఇద్దరూ పంచుకున్నవాళ్లు. మొహర్రం పది రోజులూ జవాద్ సంతాపపు నల్లబట్టల్లో వస్తే, ఖమరుద్దీన్ ఆ పది రోజులూ తన వేళాకోళాలు కట్టిపెట్టేవాడు.

ఖమరుద్దీన్ కళ్లకు పొర కమ్ముతున్న రోజుల్లో ఒక సున్నీ మదర్సా వారు ప్రవక్త తర్వాత సమాజాన్ని నడిపిన మొదటి నలుగురు ఖలీఫాల చరిత్ర రాయమన్నారు. అదే తన ఆఖరి పుస్తకమని ఆయనకు తెలుసు. ఎనిమిది నెలలు కళ్లలో వత్తులు వేసుకుని రాశాడు. చివరి పుటలైతే చూపుతో కన్నా చేతి అలవాటుతోనే రాశాడు. మా ముద్రణాలయంలో ఒక కట్టుబాటు ఉండేది. చివరి పుట ఎవరి చేతి రాతో, దాని అడుగున పేరు వాళ్లదే.

ఆ చివరి పుటే నా మీదికి వచ్చింది. తడి ఎక్కువై కాగితం ముడతపడి చిరిగింది. నడుమ నాలుగు వరుసలు నాకు అంటలేదు. ఖమరుద్దీన్ మళ్లీ రాయలేడు, అప్పటికి కళ్లు పూర్తిగా మసకబారాయి. పుట మొత్తం ఇంకో కాతిబుతో రాయిద్దామన్నాడు యజమాని. అంటే పేరు కూడా పోయినట్టే. ముసలాయన నా అంచు తడుముతూ కూర్చున్నాడు.

మిగిలింది ఒకటే దారి. చిత్తుప్రతి చూసి జవాద్ ఆ నాలుగు వరుసల్నీ తిరగేసి, అచ్చం ఖమరుద్దీన్ రాతలాగే నా మీద రాయాలి. ఆ మాట జవాద్‌ను అడగడానికి యజమాని జంకాడు. ఆ వరుసలు జవాద్ నమ్మనివి మరి.

వాళ్ల గుసగుసలు వింటున్న రాజవీరు ఉండబట్టలేక అడిగేశాడు. "గా నాలుగు వరుసలల్ల ఏమున్నది సాబ్? గింత పరేషాన్ ఎందుకు?"

జవాద్ అతనితో తెలుగులోనే చెప్పాడు. "ప్రవక్త పోయినంక ముందర నడిపించేది ఎవరనే మాట, వీరూ. హజ్ నుంచి మర్లొస్తుంటే గదీరె ఖుమ్ అనే మడుగు కాడ వేలమంది ముంగట ఆయన తన అల్లుడు అలీ చెయ్యి పట్టి పైకెత్తిన్రు. మా నమ్మకంల ఆ దినమే తేలిపోయింది. ముందర నడిపించే జాగ అల్లా ఇచ్చేది, జనం ఎన్నుకునేది కాదు. అలీ వెనక ఆయన వంశంల ఇమాములు."

"ఆ దినం మాకూ పెద్దదే," అన్నాడు ఖమరుద్దీన్. "అలీ హజ్రత్‌ను ప్రేమించుమని చెప్పిన్రు, ఖిలాఫత్, అంటే ఏలుబడి మాట కాదంటం మేము. ప్రవక్త పోయినంక మదీనాల పెద్దలు కూడి అబూబకర్ హజ్రత్ చేతిల చెయ్యేసి ఆయన్నే పెద్దగ ఒప్పుకున్నరు. ఎన్క ఉమర్, ఉస్మాన్, నాలుగో ఆయన అలీ. నలుగురూ మాకు సరైనోళ్లే."

"అంటే అలీ సాబ్ ఇద్దరికీ కావాలె. లైన్ల ఎక్కడ నిలబెట్టాల్ననేదే పంచాయితీ," అన్నాడు రాజవీరు.

ఇద్దరూ నవ్వారు. జవాద్ నవ్వు ముందు ఆగింది. "గంతే అయితే బాగుండు, వీరూ. కర్బలాల అలీ కొడుకు నెత్తురు పారింది."

ఖమరుద్దీన్ చిత్తుప్రతిని ఆయన వైపు జరిపాడు. "మీర్ సాబ్, నాకు కండ్లు కనవడయి. నువ్వేం రాసినా నేను చూడలేను. రాయి."

జవాద్ లేచి వెళ్లి నమాజుకు కడుక్కున్నట్టు చేతులూ ముఖమూ కాళ్లూ కడుక్కున్నాడు. సన్న కుంచె తీసుకుని నా మీదికి వంగాడు. ఎడమ నుంచి కుడికి, తిరగబడి, ఖమరుద్దీన్ వంపులే, ఖమరుద్దీన్ విరుపులే. మొదటి వరుస, రెండో వరుస, మూడో వరుస. అబూబకర్ పేరు వచ్చింది. చిత్తుప్రతిలో ఆ పేరు మీద నువ్వుగింజంత గుర్తు ఉంది. అల్లా వారి పట్ల సంతోషించు గాక అని సున్నీలు పెట్టేది. జవాద్ తరఫు వాళ్లు పెట్టనిది. వదిలేస్తే సిరా అంటలేదని అందరూ సరిపెట్టుకుంటారు.

కుంచె గాలిలో ఆగిపోయింది. ఆయన ఊపిరి నాకు వెచ్చగా తగిలింది. తర్వాత కుంచె దిగింది. గుర్తు పెట్టాడు, మిగతా గీతలకన్నా ఒత్తి పెట్టాడు. సముద్రాల అడుగున కోట్ల ఏళ్లు పడి ఉన్నదాన్ని, అంతటి గీతను నేనెక్కడా చూడలేదు.

మదర్సా మౌల్వీ పుటను వెలుగుకు పట్టి చూసి, ఖమరుద్దీన్ చెయ్యి ఇంకా తగ్గలేదని మెచ్చుకున్నాడు. అడుగున పేరు నిలిచింది. ముసలాయన ఆ కాగితాన్ని కళ్లకు అద్దుకున్నాడు గాని ఎవరినీ ఏమీ అడగలేదు.

మరుసటి నెల గదీర్ గురించి షియాల పుస్తకం వచ్చింది. దానికి సిరా నూరింది ఖమరుద్దీనే. రాజవీరు నన్ను మూడుసార్లు రుద్దాడు, ఆ గుర్తు మాత్రం పోలేదు. చివరికి ఆ గుర్తు తగలకుండా కాగితాన్ని రెండు వేళ్లు కిందికి జరిపి అచ్చేశారు.

కొత్త యంత్రాలొచ్చి నాబోటి రాళ్లు మూలపడ్డాక రాజవీరు నన్ను అలియాబాద్‌లోని తన ఇంటికి తెచ్చుకున్నాడు. బట్టలుతికే బండగా బాగుంటుందని అతని భార్య ముచ్చటపడితే, "పెద్దోళ్ల పేర్లు మోసిన రాయే," అని గోడకు ఆనించాడు. వాన పడితే నా మీద పాత వరుసలు లీలగా తేలతాయి, రెండు పుస్తకాలవీ కలిసిపోయి.

ఒక మధ్యాహ్నం జవాద్ వచ్చాడు. ఖమరుద్దీన్‌ను మట్టిలో పెట్టి నేరుగా వచ్చాడు. చెంబెడు నీళ్లు అడిగి నా మీద పోశాడు. గుర్తు తేలింది.

"ఒక్కనాడన్న అడగలేదు, వీరూ. పెట్టినవా లేదా అని ఒక్కనాడన్న అడగలేదు."

"మీరు చెప్పకపోతిరా సాబ్?"

"అడిగితే చెప్పేటోన్ని."

మోకాళ్ల మీద కూర్చుని ఆ గుర్తు మీద వేలు పెట్టాడు. "అల్లా నీ పట్ల సంతోషించు గాక, ఖమర్ భాయ్," అన్నాడు. నీళ్లు ఆరిపోయేదాకా ఆ వేలు తియ్యలేదు.