ప్రార్థనలో నోరు విప్పని పిల్ల

సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పే టీచరమ్మకు తన క్లాసులో ఒక పిల్లంటే ముద్దు. ప్రతిదానికీ ఆరా తీస్తుందని తోటిపిల్లలు ‘ఎందుకమ్మ’ అని పేరు పెట్టారు. రాజ్యాంగం పాఠం రోజున టీచరమ్మ మంచి ఊపు మీద ఉంది.

“ఇష్టం లేని ప్రార్థన చెయ్యమని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టకూడదు. హెడ్మాస్టరైనా సరే!” అని బల్ల గుద్ది చెప్పింది.

మర్నాడు పొద్దున అందరూ చేతులు జోడించి పాడుతుంటే ఎందుకమ్మ నోరు మూసుకుని నిలబడింది. అల్లరేమీ చెయ్యలేదు. వాళ్లింట్లో కొలిచే దేవుడు వేరు. ఇన్నాళ్లూ ఊరికే పెదవులు ఆడించేది.

హెడ్మాస్టరు పిల్లనూ, దాని క్లాసు చూసే టీచరమ్మనూ గదికి పిలిపించాడు. చెడ్డవాడేం కాదు గానీ, పైవాళ్ల పేరు చెబితే వణుకు.

“ఎవరు నేర్పారే నీకిది?”

“టీచర్ చెప్పారు సార్. బలవంతం చెయ్యకూడదంట.”

ఆయన టీచరమ్మ వైపు తిరిగాడు. ఆమె ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

“హక్కులకు పరిమితులుంటాయని కూడా చెప్పానండీ. ఇది సరిగ్గా విని ఉండదు.”

పరిమితుల మాటే ఆమె ఎత్తలేదు. పిల్ల ఆమెకేసి ఒక్కసారి చూసి తలదించుకుంది. ఆ వారమంతా ప్రార్థన వేళ దాన్ని గేటు పక్కన, వచ్చేపోయేవాళ్లకు కనబడేలా నిలబెట్టారు.

టీచరమ్మకు ముద్ద దిగలేదు. చివరికి పిల్ల ఇంటికి వెళ్లింది. తల్లి మిషను మీద బట్టలు కుడుతోంది.

“దానికి గడ్డి పెట్టాను టీచర్ గారూ. రేపట్నుంచి పాడుతుంది. బళ్లోంచి మాత్రం తీసెయ్యొద్దని చెప్పండమ్మా.”

“తప్పు దానిది కాదమ్మా. నేనే అబద్ధమాడాను.”

మిషను ఆగింది.

“ఆ మాట నాకెందుకు టీచర్ గారూ? అక్కడ చెప్పాల్సింది.”

తెల్లారి హెడ్మాస్టరు గదిలో, మిగతా టీచర్ల ముందే, ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన కస్సుమన్నాడు, ఉద్యోగం ఊడుతుందన్నాడు. తర్వాత పైవాళ్లకు ఫోన్ చేసి అడిగితే, పిల్లను అలా నిలబెట్టడమే తప్పని ఆయనకే అక్షింతలు పడ్డాయి. ఇష్టం లేనివాళ్లు ప్రార్థన వేళ క్లాసులో కూర్చోవచ్చని ఆ రోజే బళ్లో చెప్పించాడు.

మర్నాడు ప్రార్థన గంట కొట్టగానే టీచరమ్మ పరుగున వెళ్లి పిల్ల చెయ్యి పట్టుకుంది. “ఇక నువ్వు పాడక్కర్లేదురా. క్లాసులో కూర్చో, నేనూ నీతో ఉంటాను.”

“వద్దు టీచర్. పాడతాను,” అంది పిల్ల, చెయ్యి మెల్లగా విడిపించుకుంటూ.

“నిజంగానే కూర్చోవచ్చమ్మా. నన్ను నమ్ము.”

పిల్ల వెళ్లి వరసలో నిలబడి, చేతులు జోడించింది.