తాత పేరు

నరేందర్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు. తండ్రి బాలయ్య సంవత్సరీకం దగ్గరికొస్తోంది. కర్మకాండప్పుడు అయ్యగారు తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు చెప్పమంటే తాత దగ్గరే నోరు పెగల్లేదు. బాలయ్యను పెంచింది పిల్లల్లేని ఒక రైల్వే ఖలాసీ, ఆయన భార్య. దవాఖానాలో పొత్తిళ్లలో దొరికాడని తప్ప వాళ్లకూ ఏమీ తెలియదు. ప్రాణం పోయేముందు బాలయ్య కొడుకు చేయి పట్టుకుని, "మా నాయినెవరో ఎరుక లేకుండనే పోతున్న రా" అన్నాడు. ఆ మాట నరేందర్‌ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

కూతురు ప్రజ్ఞ డీఎన్ఏ పరీక్ష కిట్ తెప్పించింది. నాచారం ఇంట్లో పొద్దున్నే చాయ్ కూడా తాగకుండా గొట్టంలో ఉమ్మి పంపించాడు. ఇక ఫోను చూడటం, పక్కన పెట్టడం, మళ్లీ చూడటం. చివరికి దగ్గరి చుట్టమంటూ ఒక పేరు తేలింది. కొండపర్తి హరిత.

ఇక చూడాలి మనవాడి హడావుడి! ఆ ఇంటిపేరు వాళ్లు మల్లాపూర్‌లో ఉన్నారని వినడమే ఆలస్యం, స్కూటరేసుకుని వెళ్లి తలుపు తట్టాడు. "మీ తాత పసిపిల్లగాన్ని ఎక్కడన్న వదిలిపెట్టిండా?" అని అడగ్గానే ఆ ఇంటాయన కొట్టినంత పని చేశాడు. మొహం వేలాడేసుకుని ఇల్లు చేరితే భార్య శారద పకపకా నవ్వింది.

"ఏం తెలివయ్యా నీది! ఆడపిల్ల పెండ్లయినంక అత్తగారింటి పేరే గద రాసుకుంటది. జర ఆ పిల్లకే మెసేజ్ పెట్టరాదు!"

హరిత వెంటనే జవాబిచ్చింది. పరీక్షకు ఉమ్మి ఇచ్చింది తను కాదట, అమ్మమ్మ వెంకటనర్సమ్మ. ఖాతా మాత్రం తన పేరు మీద తెరిచింది. ఆదివారం చిల్కానగర్ రమ్మంది. నాచారం నుంచి ఎంత దూరమని? తండ్రి బతికుండగా ఆ సందులోంచే ఎన్నిసార్లు ఉప్పల్ వెళ్లొచ్చాడో!

నరేందర్ వెళ్లేసరికి మంచం మీద వెంకటనర్సమ్మ కూర్చుని ఉంది. హరిత లాప్‌టాప్ తిప్పి చూపించింది.

"అంకుల్, మా అమ్మమ్మ మీకు మేనత్త అయితది. మీ నాయిన, అమ్మమ్మ తోడబుట్టినోళ్లే. గని తల్లో తండ్రో ఒక్కరే కలుస్తరు."

"అయితే మీ అమ్మమ్మ వాళ్ల నాయినే మా తాత!" నరేందర్ లేచి నిలబడ్డాడు. "ఆయన పేరేంది?"

"కూసోండి. అమ్మమ్మ నాయిన దిక్కు పరీక్ష చేయించుకున్న చుట్టాలు ఒక్కరు గూడ మీతోని కలుస్తలేరు. తల్లి దిక్కోళ్లే కలుస్తున్నరు."

వెంకటనర్సమ్మ మెల్లగా అందుకుంది. "మా అమ్మ పోయేటప్పుడు చెప్పింది బిడ్డా. పెండ్లికి ముందుగాల ఒక కొడుకు పుట్టిండట. దవాఖానాల ఇడిసిపెట్టి వచ్చిందట."

"ఆ పిల్లగాని తండ్రెవరు?"

"అడిగిన. ఆని పేరు నా నోటెంట రానియ్య అన్నది. రానియ్యకుండనే పోయింది."

నరేందర్‌కు ఒళ్లు మండింది. ఇంత తిరిగి మళ్లీ మొదటికే వచ్చాడు. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు పచార్లు మొదలుపెట్టాడు.

"ఆమెది ఏ ఊరు? ముసలోళ్లు ఎవరన్న ఉన్నరా? పోయి అడుగుత. తాత పేరు లేకుంటే అయ్యగారికి ఏం చెప్పాలె?"

"గప్పటిసంది సూస్తున్న." ముసలమ్మ మంచం పట్టె మీద చరిచింది. "ఆడెవడు, ఆని పేరేంది, గదే అడుగుతున్నవ్. మోసింది, కన్నది మా అమ్మ. ఆమె పేరేందో ఒక్కపారి గూడ అడగకపోతివి."

నరేందర్ ఆగిపోయాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. వచ్చి మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు.

"తప్పయింది అత్తమ్మా. చెప్పు."

"ఆండాలమ్మ."

ఆ పేరు పైకి అనబోతే అతనికి ఏడుపొచ్చింది. ముసలమ్మ అతని తల మీద చేయి వేసింది.

"మరి ఆ పిల్లగానికి ఏం పేరు పెట్టిన్రు బిడ్డా? గదొక్కటి తెల్వకనే పోయింది మా అమ్మ."

"బాలయ్య."

వెంకటనర్సమ్మ వాకిలి వైపు తిరిగింది. ఎవరినో పిలిచినట్టు, "బాలన్నా" అంది.