ఎనిమిది శనివారాలు

మధ్యాహ్నం పన్నెండు దాటేసరికి కుళ్లాయప్ప గోనెపట్టాలను మూడోసారి తడుపుతున్నాడు. పొద్దున తొమ్మిదికి పోయిన కరెంటు ఇంకా రాలేదు. కూలర్ ఆగిపోయింది. కిటికీలకు కట్టిన పట్టాల మీద చెంబుతో నీళ్లు చల్లితే కిందికి కారకముందే ఆరిపోతున్నాయి. జనరేటరు ఉన్నా అది కణాలు దాచిన ఫ్రీజర్లను మాత్రమే మోయగలదు. ట్యాంకరు సాయంత్రానికి గానీ రాదు. డ్రమ్ములో మోకాలెత్తు నీళ్లు మిగిలాయి.

అనంతపురం నుంచి గార్లదిన్నె పోయే దారిలో, రాళ్లగుట్ట పక్కన ఉంది ఆ పరిశోధన కేంద్రం. ముసలితనం ఎందుకు వస్తుంది, చెడిన కండ మళ్లీ ఎలా పెరుగుతుంది అన్నది అక్కడి చదువు. కుళ్లాయప్పకు మాత్రం అది ఎలుకల గది. పదకొండేళ్లుగా తెల్లెలుకల బోన్లు కడుగుతున్నాడు, మేత తూస్తున్నాడు. యాభై దాటిన బక్కమనిషి. కుడి చూపుడువేలి నిండా ఎలుకపళ్ల మచ్చలు. ఖాకీ చొక్కా జేబులో కసాపురం ఆంజనేయస్వామి సిందూరం పొట్లం.

గదిలో ఒక వరుసకు కడుపు నిండా మేత. ఇంకో వరుసకు సగమే. సగం మేతతో పెరిగినవే ఎక్కువ కాలం బతుకుతాయా అన్నది చూస్తున్నారు. ఆ వరుసలో పన్నెండు మిగిలాయి. వచ్చే సోమవారం ఢిల్లీ నుంచి పెద్దలు వస్తారు. పన్నెండు కన్నా తగ్గితే ఈ కేంద్రాన్ని ఇంకో మూడేళ్లు నడపనివ్వడం అనుమానమే.

ఈరోజు తూకం. అందుకే కుళ్లాయప్పకు కాలు నిలవడం లేదు.

ఎనిమిది వారాలుగా అతనొక తప్పు చేస్తున్నాడు. శనివారం ఒక్కపొద్దు ఉండి, దీపాలవేళ ఈ గదిలోనే ఉడికించిన శెనక్కాయలు తింటాడు. సగం మేత వరుసలోని పదిహేడో నంబరు ఎలుక కమ్ములు పట్టుకొని లేచి నిలబడి అతని చేతినే చూసేది. ఆకలితో చూస్తున్న ప్రాణి ముందు మింగడం అతనికి చేతకాలేదు. నాలుగు గింజలు లోపల వేసి, తర్వాత తాను తినేవాడు.

ఈ పరిశోధన చూసే డాక్టర్ ఉమాదేవి తూకాల పుస్తకం పట్టుకొని వచ్చింది. ధర్మవరం నేతవాళ్ల ఇంటి బిడ్డ. ట్యాంకరు కోసం, డీజిలు కోసం ఫోన్లు చేసి చేసి ఆమె గొంతు బొంగురుపోయింది.

"ఏమన్నా, గదంతా మడుగు చేసినావే! నేను జారి పడితే నన్ను గూడా ఈ బోన్లలోనే పెట్టాల."

"మీకు సరిపోయే బోను యాడుండాది మేడం," అన్నాడు గానీ, నవ్వలేకపోయాడు.

ఒక్కొక్కదాన్నీ తక్కెడలో పెట్టాడు. ఆమె రాసుకుంది.

"పదిహేడుగాడు బలిసినాడు చూడన్నా! మూడు గ్రాములు పెరిగినాడు. ఈ ముసలోడు మనల్ని గట్టెక్కిస్తాడు."

ఆ అంకె పక్కన ఆమె టిక్కు పెట్టింది. కుళ్లాయప్ప బయటికి వెళ్లి డ్రమ్ము మూత సరిచేశాడు. లోపలికి వచ్చాడు. మళ్లీ వెళ్లాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కేంద్రం మూతపడితే ఈ వయసులో సొంతూరు కంబదూరులోని చేనికి పోవాలి. అక్కడ వాన చుక్క పడి రెండేళ్లయింది. కానీ పుస్తకంలోకి ఎక్కింది రేపు ఎవరో నిజమనుకొని చదువుతారు.

"మేడం, దాన్ని కొట్టేయండి."

"దేన్నన్నా?"

"పదిహేడును. నేను శెనిగ్గింజలు పెట్నాను. ఎనిమిది శనివారాలు."

ఆమె పెన్ను ఆగింది. "పదకొండేండ్లు పని చేసినావు. నీకు తెలీదా?"

"తెలుసు మేడం." తల వంచుకున్నాడు. "ఒకటి అడగాలని ఉండాది. సగం కడుపుకు ఆయుష్షు పెరుగుతాదంటారే. కరువులో మాయమ్మ పగలంతా రాళ్లు మోసొచ్చి, గంజి మా నలుగురికీ పోసి, అడుగున మిగిలింది తాగేది. నలభై దాటలేదు."

ఉమాదేవి బోన్ల వైపు చూసింది.

"వీటికి తిండి తగ్గించినాం గానీ రాళ్లు మోయించల్యా అన్నా," అంది. ఆ జవాబు ఆమెకే చాలినట్టు లేదు.

అంకెను అడ్డంగా కొట్టేసింది. "పదకొండే అని రాస్తా. ఇంకో మూడేండ్లు ఇస్తే ఇస్తారు, లేకుంటే లేదు. రేపట్నుంచి మేత తూకం బయమ్మ చూసుకుంటాది. నువ్వు బయటి పని చూడు."

గదులు ఊడ్చే బయమ్మ చేతికి తన పని పోయింది. కుళ్లాయప్ప మేతగది తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"మరి దాన్నేం చేయాల మేడం?"

"ఇంగ అది పరీక్షలో లేదు కదా." ఆమె తలెత్తలేదు. "కడుపు నిండా పెట్టు."

దోసిళ్లతో మేత తెచ్చి పదిహేడో బోను తొట్టిలో పోశాడు. ఎలుక లేచి వచ్చి వాసన చూసింది. మూతి తుడుచుకొని మూలకు పోయి, ముందుకాళ్ల మీద గడ్డం ఆనించింది. ఎండ తగ్గాక తింటుందిలే అనుకొని, డ్రమ్ము అడుగున ఉన్న నీళ్లన్నీ ఆ వైపు పట్టాకే పోశాడు.

నాలుగున్నరకు కరెంటు వచ్చింది. కూలర్ గాలికి బోన్లన్నీ కదిలాయి. పదిహేడు కదల్లేదు. వేలు పెట్టి చూశాడు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు.

"ఆంజనేయా," అనుకొని, దాన్ని తన తువ్వాలులో చుట్టుకొని బయటికి నడిచాడు.

వెనక ఖాళీ బోనులో మేతతొట్టి అంచుదాకా నిండే ఉంది.