నీలాద్రి చూడని ముగింపు

ఆషాఢమాసపు టపరాహ్ణమున నీలమేఘపటలంబు లొండొంటి నొరసికొనుచు సముద్రమువైపునుండి తరలివచ్చి కాకినాడ వీధుల వెలుతురు నంతయు హరించి పట్టపగలే మసకచీకటి గ్రమ్మజేసెను. అట్టివేళ నీలాద్రి యను నడివయస్కుడు ఇటీవల కన్నుమూసిన మిత్రుడు వేణుధరుని గదిలో వేణుధరుని కుర్చీపై గూర్చుండి వేణుధరుని గేము కంట్రోలరును చేతబట్టుకొనియుండెను.

ఇతడు సామాన్యుడు కాడు. వీరుని పాత్ర ధరించి కల్పితలోకముల సంచరించు వీడియో గేములను ప్రాణప్రదముగా నెంచు నభిమానుల ఫోరమునకు పన్నెండేండ్లుగా పెద్ద. ఆడినవారికంటె తీర్పు చెప్పువారే యధికులైన యా సభలో ముగింపు చూడనిదే యెవ్వడును గేము మంచిచెడ్డలు పలుకరాదను కట్టుబాటు గలదు. దానిని విధించినవాడును నీలాద్రియే.

అగ్నిద్వీపమను గేముల పరంపరలో నాలుగవది వెలువడినపు డతడు పదిగంట లాడి విసిగి “ఖడ్గముల తళుకే కాని కథకు ప్రాణము లేదు. దయ చూపినను దండించినను ఫల మొక్కటియే. ఈ పరంపర చచ్చినది” అని వ్రాసెను. నూర్గురు తలలూపిరి. మూత్రపిండముల జబ్బుచే వారమునకు మూడుమారులు డయాలసిస్‌కు బోవుచు చేతులాడినపుడు మాత్రమే కొంచెము కొంచెముగా నాడుకొను వేణుధరు డొక్కడు మాత్ర మిట్లడిగెను.

“అన్నా, నాకు మిగిలిన యోపిక స్వల్పము. ముగింపు చూడదగినదైననే దానికి వెచ్చించెదను. నీవు చూచితివా?”

నీలాద్రికి పెద్దరికము అడ్డువచ్చెను. “చూచితిని. ఏమియు లేదు” అని బదులిచ్చెను. వేణుధరుడు గేమును కట్టిపెట్టెను. నలుబదిదినములకు పోయెను.

ఇపుడతని చెల్లెలు హైమవతి యన్న గుర్తుగా నతని గేములాడు యంత్రమును గొనిపొమ్మని నీలాద్రిని పిలిపించి, అన్న యెచట నాపెనో యొక్కసారి చూపుడని కోరి గుమ్మమున నిలిచియుండెను. తెర వెలిగెను. వేణుధరుని వీరుడు నదీతీరమున నిలిచియుండెను. ముగింపు గంటదూరములో నుండెను.

నీలాద్రి యాడసాగెను. మొదటి పట్టణమున వేణుధరుడు క్షమించి విడిచిన దొంగ తెడ్డు పట్టుకొని వచ్చెను. రొట్టె పెట్టి కాపాడిన ముసలమ్మ దీపము దెచ్చెను. దయకు ఫలము లేదని తాను వ్రాసిన మాట నీలాద్రి గొంతులో చేపముల్లువలె నాటుకొనెను.

పిమ్మట వీరుని సహచరుడు ముందునకు వచ్చెను. సహచరునకు ఆటగాడే పేరు పెట్టుకొనుట యీ గేములలో వాడుక. వాని తలపై “నీలాద్రి” యని యుండెను. అతడు నావ నెక్కబోవు వీరుని వంక దిరిగి “ఆవలియొడ్డు నీవు చూచితివా?” యని యడిగెను. క్రింద రెండు సమాధానములు వెలిగెను. చూచితిని. చూడలేదు.

చనిపోయినవాడే తన పేరుతో తన్నడుగుచున్నట్లు నీలాద్రికి దోచెను. చాలసేపటికి రెండవదానిని నొక్కెను.

“నేనును చూడలేదు” అని సహచరుడు తలవంచి యొడ్డుననే నిలిచిపోయెను. నావ వీరు నొక్కనినే గొనిపోయెను.

“అన్నయ్య యాపినచోటికి ఆవల నేమున్నదండీ?” యని హైమవతి యడిగెను.

“చాల నున్నదమ్మా. నేను చూడకయే చూచితి నంటిని. వాడు నమ్మి యాపివేసెను.”

ఆమె గుమ్మము దాటి లోనికి వచ్చెను. “కడపటి దినములలో మా అన్నయ్య దానినే తలచుచుండెనండీ. ఏమియు లేదట కదా యని తనకుతానే నచ్చజెప్పుకొనెడివాడు” అని యతని చేతినుండి కంట్రోలరును మెల్లగా దీసికొనెను. “ఇది యిచ్చటనే యుండనిండు.”

ఆ సాయంకాలమే నీలాద్రి ఫోరములో జరిగినదంతయు వ్రాసి పెద్దరికము వదలుకొనెను. కొందరు నిందించిరి. పెక్కురు చదువనైన చదువక దయకు ఫలము లేదను నతని పాతతీర్పునే యతనికి వల్లించిరి.

పలికిన తీర్పును వెనుకకు దీసికొనవచ్చును గాని దానిని నమ్మి యొకడు విడిచిన దినములను దెచ్చి యీయ నెవ్వరి తరమును గాదు. హైమవతి యింట నా యంత్రములో నీలాద్రి యనువాడు నావ పోయిన యొడ్డున నేటికిని నిలిచియే యున్నాడు.