మంచం కింద మనిషి

మంచం కింద పెట్టె ముట్టుకోవద్దని మణికుమారికి ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పారు. ఒకసారి కాదు, వంద సార్లు చెప్పారు. కానీ ఆ గురువారం బొద్దింకల మందు కొట్టేవాళ్ళు పదింటికల్లా వస్తామన్నారు, మంచాల కింద చెప్పు ముక్క కూడా ఉండకూడదన్నారు. ఇంక ఏం చేస్తుంది పాపం? రెండు చేతులా పట్టుకుని లాగింది. పెట్టె మూల గోడకు కొట్టుకుంది, గొళ్ళెం ఊడింది, మూత పక్కకు జారింది. లోపల తెల్లగుడ్డ. గుడ్డ తొలగిన చోట పుర్రె.

మణికుమారి కెవ్వున కేక పెట్టి గోడకు అతుక్కుపోయింది. పద్దెనిమిదేళ్ళ నర్సు ఉద్యోగంలో ఆమె చూడని శవం లేదు. అయితే మాత్రం, ఆస్పత్రిలో శవం వేరు, తను రోజూ దుప్పటి మార్చే మంచం కింద పుర్రె వేరు. మళ్ళీ తొంగి చూసింది. కాళ్ళ ఎముకలూ చేతుల ఎముకలూ పక్కటెముకలూ అన్నీ పొందిగ్గా సర్ది ఉన్నాయి. వాటి నిండా ఎర్రటి మరకలు. పైన ఎండిపోయిన ఆకులు. మూత లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. దాని మీద ఎర్ర ముద్ర, సగం అరబీ, సగం తనెప్పుడూ చూడని వంకర అక్షరాలు.

"ప్రభువా, పద్నాలుగు నెలల్నించి దీని పక్కన పడుకుంటన్నానా!"

ఆ ఫ్లాటు మస్కట్‌లోని దార్సైట్‌లో ఉంది. మంచం, మణికుమారి అక్కడే ఉండి చూసుకునే దెస్పినా అనే ముసలావిడది. ఎనభై నాలుగేళ్ళు. తెల్లటి మనిషి, నీలికళ్ళు. నోరు తెరిస్తే మాత్రం అరబీ, అదీ సూడాన్ యాసలో. గ్రీకువాళ్ళట. ఆవిడ తాత ఎప్పుడో ఖార్తూమ్ వెళ్ళి కొట్టు పెట్టుకున్నాడట. ఆవిడ అక్కడే పుట్టి, అక్కడే పెళ్ళాడి, మొగుడితో కలిసి నలభై ఏళ్ళు రొట్టెల బట్టీ నడిపింది. గ్రీసు దేశాన్ని జన్మలో రెండే సార్లు చూసిందట, రెండు సార్లూ జలుబు చేసిందట. యుద్ధం వచ్చి ఖార్తూమ్ తగలబడ్డాక, మస్కట్‌లో ఇంజినీరుగా ఉన్న మేనల్లుడు యాన్నిస్ దగ్గరికి చేరింది. వాచ్‌మన్ గులాం నబీతో సహా అందరూ ఆవిడను మామా అనే పిలుస్తారు. మామా అంటే వాళ్ళలో అమ్మ.

మామా మంచిదే. కానీ ఆవిడ గదిలో పటాలూ దీపాలూ సాంబ్రాణి పొగా చూస్తే మణికుమారికి మొదటినుంచీ బెరుకే. మణికుమారి వాళ్ళది బాపట్ల పక్క పల్లె, మూడు తరాలుగా క్రైస్తవులు, పటానికి మొక్కే అలవాటు లేనివాళ్ళు. అదీకాక సాయంత్రం పూట మామా మంచం మీద కూర్చుని, కిందున్న పెట్టెను మడమతో తట్టి, తన భాషలో ఏదో చెప్పి నవ్వుకునేది. ఇప్పుడు ఆవిడ గుండె నీరసించి నాలుగు రోజులుగా ఆస్పత్రిలో ఉంది. ఆవిడతో యాన్నిస్ కూడా అక్కడే, ఇంట్లో మణికుమారి ఒక్కతే.

తమ్ముడు మోజెస్‌కు ఫోన్ కొట్టింది. అతను షినాస్‌లో చేపల కంపెనీ బండి డ్రైవరు. ఆ పొద్దున మత్రా మార్కెట్లో సరుకు దించుతున్నాడు. అరగంటలో వచ్చి వాలాడు. పెట్టెలోకి చూసి ఒక్క గెంతు వెనక్కి వేశాడు.

"ముట్టుకోమాకక్కా! చేతబడే ఇది. ఆ ఎరుపు చూడు, రత్తం!"

"రక్తమైతే నల్లబడుద్దిరా."

"నీ నర్సు తెలివి ఇప్పుడెందుకే! ఆ చీటీ చూడు, ముద్ర చూడు. మంత్రం కాపోతే ఏంది?"

"యాన్నిస్ సారుకి ఫోన్ చేద్దామా?"

"చేసి? ఇంట్లో ఏముందో ఆయనకి తెలవదా? పోలీసులొస్తే ముందు ఎవర్ని తీసకపోతారు, ఆ ఇంజినీరునా, నిన్నా?"

ఆ మాటతో ఆమె ఫోను పక్కన పెట్టేసింది. వాళ్ళ సంఘంలో దీనికొక పద్ధతి ఉంది. తాయెత్తు గానీ, గడప కింద పాతిన మూట గానీ ఏది దొరికినా నూనె రాసి, ప్రార్థన చేసి, సముద్రంలో పారేస్తారు. మణికుమారి చిన్నప్పుడు వాళ్ళ నాన్న అలాంటి మూటలు రెండు తీసుకెళ్ళి సూర్యలంక దగ్గర వేసి వచ్చాడు. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ అదే చేశారు. నూనె కోసం వెతికితే వంటింట్లో మామా ఆలివ్ నూనె దొరికింది. దాన్నే పెట్టె నాలుగు మూలలా రాసి, కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థన చేశారు. పెట్టెను మోజెస్ బండిలో ఐసు డబ్బాల మధ్య పెట్టుకుని షినాస్ వెళ్ళిపోయాడు. మణికుమారి చేతులు మూడుసార్లు డెట్టాల్‌తో కడుక్కుని, హమ్మయ్య అనుకుంది.

తెల్లారి తొమ్మిదింటికి యాన్నిస్ ఫోన్ చేశాడు.

"మణీ, మామాకి బాగాలేదు. ఇంక రోజులే అంటున్నారు డాక్టర్లు. మంచం కింద పెట్టె తీసుకుని రా. ఆయన్ని పక్కన పెట్టమని ఒకటే గొడవ."

"ఎవర్ని సార్?"

"అంకుల్ స్తవ్రోస్‌ని. మామా భర్త. పెట్టెలో ఉన్నది ఆయనే. నువ్వు భయపడతావని చెప్పలేదు."

ఫోన్‌లో యాన్నిస్ చెప్పుకుపోతున్నాడు. పాతిపెట్టిన మూడేళ్ళకు తవ్వి తీసి, ఎముకలను ఎర్ర వైనుతో కడిగి, గుడ్డలో చుట్టి, పైన వాసన ఆకులు వేసి పెట్టెలో ఉంచడం తమ వాళ్ళ ఆచారమట. స్తవ్రోస్ ఎముకలను మామా తన చేతులతోనే కడిగిందట. తుపాకులు మోగుతుంటే బంగారం, ఇంటి పత్రాలు అన్నీ వదిలేసి ఈ పెట్టె ఒక్కటే పట్టుకుని పోర్ట్ సూడాన్ దాకా బస్సులో వచ్చిందట. మూత లోపలి కాగితం, ఎముకలను దేశం దాటించడానికి గ్రీకు ఎంబసీ వాళ్ళు ఇచ్చిన అనుమతి. తను పోయాక ఇద్దరినీ ఒకే గుంటలో పెట్టాలన్నది ఆవిడకు మిగిలిన ఒకే ఒక్క కోరిక.

రక్తం కాదు, వైను. మంత్రం కాదు, ఎంబసీ కాగితం. ఎంత పని చేశావే మణీ, ఎంత పని చేశావు!

తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరే, పెట్టె ఏదిరా?"

"నిన్ననే వేసేశాక్కా! మా అరబాయన పడవలో లోపలి దాకా పోయి, రాళ్ళు కట్టి మరీ వేశా. ఇంక పైకి రాదులే. నిద్ర బాగా పట్టిందా?"

ఆమె ఏడుపు విని అతను బెదిరిపోయాడు. సంగతి తెలిశాక "అయ్యో, మనిషా అక్కా, మనిషా!" అంటూ అతనూ ఏడ్చాడు.

మణికుమారి యాన్నిస్‌కు ఏదీ దాచకుండా చెప్పింది. అతను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ముగ్గురూ షినాస్‌లో కలిశారు. పడవ యజమాని తన మనుషులు నలుగురిని దించాడు. శుక్ర, శని రెండు రోజులూ మునిగారు, తేలారు. పాత వల ముక్కలూ ఒక ఇనుప లంగరూ దొరికాయి గానీ పెట్టె దొరకలేదు. ఒడ్డున నిలబడి యాన్నిస్ అన్నాడు, "ఆవిడకి నేను చెప్పలేను. నువ్వే చెప్పాలి."

ఆదివారం మధ్యాహ్నం ఆస్పత్రి గదిలో మామా దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళల్లో శుక్లాలు. తలుపు చప్పుడుకే "తెచ్చావా, బిన్తీ?" అంది. బిన్తీ, అంటే అమ్మాయీ, అని పిలవడం ఆవిడకు అలవాటు.

మణికుమారి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. వచ్చీరాని అరబీలో మొత్తం చెప్పింది. పెట్టె తెరుచుకోవడం, చేతబడి అనుకోవడం, నూనె రాయడం, సముద్రం. ఆవిడ కొడుతుందేమో అనుకుంది. గుండె ఆగిపోతుందేమోనని మానిటర్ వంక చూసింది.

"ఎంత లోతు?" అని అడిగింది మామా.

"చాలా లోతు మామా. రెండు రోజులు వెతికించాం."

"పెట్టె తెరుచుకుందన్నావు. ఆయన్ని చూశావా?"

"చూశా."

"నాకు కళ్ళు పోయి రెండేళ్ళయింది. చేత్తో తడుముకోవడమే. ఎలా ఉన్నాడో చెప్పు."

ఏం చెప్పాలి? మణికుమారి కళ్ళు మూసుకుంది. భయంతో చూసిందేదీ మరిచిపోలేదు, ఇప్పుడు అదంతా వరసగా కనిపించింది.

"ఎడమచేతి ఎముక ఎప్పుడో విరిగి అతుక్కుంది మామా. కొంచెం వంకరగా."

"బట్టీ పైకప్పు మీంచి పడ్డాడు. వద్దంటే వినలేదు. ఇంకా?"

"పళ్ళు బాగున్నాయి. ముందు పన్ను ఒకటి సగం విరిగింది."

"అది నేను విరగ్గొట్టాను," అంది మామా, గర్వంగా. "ఇంకా?"

"ఎముకలు శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా ఒక్క మట్టిబెడ్డ లేదు."

"ఎలా ఉంటుంది? నేను కదా కడిగింది!" రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. మణికుమారి ఆ చేతులు పట్టుకోబోతే విదిలించేసింది. "నీ మీద నాకు కోపంగా ఉంది బిన్తీ. చచ్చేదాకా ఉంటుంది. చావడానికి ఎన్నో రోజులు లేవు కాబట్టి నువ్వు బతికిపోయావు."

మణికుమారి తల వంచుకుంది. వెళ్ళిపోదామని లేచింది.

"ఎక్కడికి వెళ్తావు? కూర్చో," అంది మామా. "నాకు కూతుళ్ళు లేరు. యాన్నిస్‌కి ఇవన్నీ చేతకావు. మూడేళ్ళు ఆగు. మూడేళ్ళకు నన్ను పైకి తీసి, నువ్వే కడగాలి. కడిగి ఆయన దగ్గర వెయ్యి. ఆ చోటు మీకు తప్ప ఎవరికీ తెలియదు కదా."

మార్చితో మణికుమారి వీసా అయిపోతుంది, ఊళ్ళో కూతురు కెజియా ఎదురుచూస్తోంది. వాళ్ళ సంఘంలో వైను సీసా ముట్టుకున్నవాళ్ళు లేరు. గుంటలో నుంచి మనిషిని తీసి స్నానం చేయించడమా? ఈ చేతులతోనా? కాదనడానికే నోరు తెరిచింది. ఆ నోట్లోంచి వచ్చిన మాట విని ఆమే నిర్ఘాంతపోయింది.

"ఏ వైను తేవాలి మామా?"

"ఎర్రది," అంది మామా. "తియ్యటిది తేవద్దు. చీమలు పడతాయి."