పొట్ట కింది చుక్కలు

ఆసుపత్రికి బయల్దేరుతూ చెల్లి బట్టల సంచీ తను పట్టుకుని, గాజుతొట్టి నా చేతుల్లో పెట్టింది. అందులో రెండు న్యూట్‌లు. చూడ్డానికి అచ్చం బల్లులే, చెల్లి మాత్రం కప్పల జాతి అంటుంది. పైనంతా నలుపు. పొట్ట కింద ఎర్రటి నారింజ రంగు మీద నల్ల చుక్కలు. పెద్దదాని పేరు పెద్దాయన, చిన్నదాని పేరు బుడ్డోడు.

"బల్లిని చూస్తేనే కుర్చీ ఎక్కేదాన్ని, నాకా ఇవి?" అన్నాను.

"నెలరోజులే అక్కా. నేనొచ్చేదాకా రెంటినీ బతికించు చాలు. అవి బాగుంటే నాకూ ధైర్యంగా ఉంటుంది."

ఆ ఒక్క మాటతో నా నోరు కట్టేసింది.

చెయ్యాల్సినవన్నీ కాగితం మీద రాసిచ్చింది. కుళాయి నీళ్లు ఒకరోజు బకెట్లో నిలవుంచాకే పొయ్యాలి. నీళ్లు వేడెక్కితే ఐసు సీసా తేలెయ్యాలి. చేత్తో ముట్టుకోకూడదు. వానపాములు ముక్కలు చేసి పెట్టాలి. స్కూలు యూనిఫారాలు కుట్టి బతికేదాన్ని, కత్తెరతో వానపాములు కోస్తానని కల కూడా కనలేదు. అయినా కోశాను. వేరే కత్తెరతోనే లెండి.

అమ్మకు చూపు బాగా తగ్గిపోయింది. తొట్టి దగ్గర కూర్చుని "తిన్నాయటే?" అని అడుగుతుండేది. చెల్లికి కడుపులో గడ్డ తీస్తారని మాత్రమే ఆమెకు చెప్పాం. అది ఎలాంటి గడ్డో చెప్పలేదు. ఒంట్లో కాస్త బలం వస్తే గాని ఆపరేషన్ చెయ్యమని డాక్టరు అన్న సంగతీ చెప్పలేదు.

మూడోవారంలో బుడ్డోడు ఈత మానేశాడు. ఒళ్లు గరుకెక్కింది. ఎంతసేపూ తొట్టిలోని రాయెక్కి కూర్చోవడం, మూతకు మూతి రాసుకోవడం. బయటపడి ఎండి చస్తాడేమోనని నాకు హడలు. నీళ్లలో ఉండే ప్రాణికి రాళ్ల మీద ఏం పని? రెండుసార్లు గరిటెతో కిందికి దించాను. మళ్లీ ఎక్కాడు. ఒళ్లు మండి రాయే తీసేశాను. "ఇప్పుడెక్కు, చూస్తా" అన్నాను.

తెల్లారేసరికి అడుగున వెల్లకిలా పడి ఉన్నాడు.

పెంపుడు చేపల కొట్టతను నా మాటంతా విని నిట్టూర్చాడు. "కొన్ని మధ్యలో నేల మీదికి మళ్లుతాయమ్మా. ఒళ్లు గరుకెక్కడం దానికే గుర్తు. అప్పుడు కాలు మోపే చోటు లేకపోతే మునిగిపోతాయి."

నా బుద్ధి గడ్డి తిని అడగలేదు గాని, ముందురోజే అడిగితే చెప్పేవాడు కదా! కొట్టు ముందే నిలబడి ఏడ్చాను.

మధ్యాహ్నం చెల్లి వీడియో కాల్ చేసింది. ముఖం పీక్కుపోయి ఉంది. ఇంకో అయిదు రోజులకు ఆపరేషన్. "ఏరీ మనవాళ్లు?" అంది.

ఎలా చెప్పను? గాజుకు పొట్ట ఆనించుకున్న పెద్దాయన్ని ఎడమవైపు నుంచి చూపించాను. తర్వాత ఫోను అటూ ఇటూ తిప్పి, కుడివైపు నుంచి మళ్లీ పెద్దాయన్నే చూపించి "ఇదిగో బుడ్డోడు" అన్నాను. "బాగున్నారు" అంది. నాలుగు రోజులు ఇదే తంతు. ఫోను పెట్టేశాక తేలు కుట్టిన దొంగలా కూర్చునేదాన్ని.

ఆపరేషన్ ముందురోజు ఆసుపత్రికి వెళ్లాను. మంచం పక్కన కూర్చోగానే అడిగింది.

"బుడ్డోడు ఎప్పుడు పోయాడక్కా?"

నేను ఆమె దుప్పటి అంచు సర్దబోయాను.

"ఏ రెంటికీ పొట్ట మీద చుక్కలు ఒకలా ఉండవే. మొదటిరోజే తెలిసిపోయింది."

"మరి అడగలేదేం?"

"నువ్వంత కష్టపడి నటిస్తుంటే ఎలా అడగను?" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నాలుగు రోజులు దుప్పటి ముసుగేసుకుని ఒక్కదాన్నే ఏడ్చాను. చెప్పి ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లం కదా."

రాయి తీసేసిన సంగతి చెప్పాను. తిట్టలేదు. రాయి ఉండాలని కాగితంలో రాయడం తనే మరిచానంది. తిట్టినా బాగుండేది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మకి ఇలా చెయ్యకు. నాకేమైనా అయితే ఆరోజే చెప్పు. నీ నోటితోనే చెప్పు."

"పాడు మాటలు మాట్లాడావంటే లేచిపోతాను."

"ఒట్టెయ్యి."

వేశాను.

మర్నాడు ఆపరేషన్ బల్ల మీది నుంచి చెల్లి లేవలేదు.

వరండాలో మా మేనమామ నన్ను పక్కకు లాగాడు. "మీ అమ్మది ముసలి ప్రాణం, తట్టుకోలేదే. ఇంకా ఆసుపత్రిలోనే ఉందని చెబుదాం. నాలుగు రోజులు పోయాక మెల్లగా చూద్దాం" అన్నాడు. పక్కనున్నవాళ్లంతా అదే మంచిదన్నారు. నేను ఎవరికీ జవాబు చెప్పకుండా ఇంటికి వచ్చాను.

అమ్మ కుట్టుమిషను పక్కన కూర్చుని, యూనిఫారాలకు మిగిలిన దారప్పోగులు తడిమి తడిమి తుంచుతోంది. నా అడుగుల చప్పుడు విని తలెత్తింది.

"వచ్చావా? చెల్లి ఎలా ఉందే?"

"బాగానే ఉంది" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తేలికైన మాట! నేల మీద చతికిలబడి ఆమె చేతులు రెండూ పట్టుకున్నాను.

"అమ్మా, చెల్లి పోయింది."

అమ్మ చేతులు విడిపించుకుని నా ముఖం తడిమింది.

"ఎప్పుడే?"

"గంట కూడా కాలేదమ్మా."

"నా తల్లీ!" అని ఒక్క కేక పెట్టి, నన్ను దగ్గరికి లాక్కుంది. ఆమె ఒళ్లో తల పెట్టి నేనూ ఏడ్చాను.