పదహారు లూయీలు

దవాఖానాలో కాంపౌండర్‌గా ఉన్న యాకోబుది పన్నెండేళ్లుగా క్రిస్మస్ నాటకంలో ఒకటే వేషం, ఒంటె వెనక కాళ్లు. ముందు కాళ్లవాడికైనా అప్పుడప్పుడూ చప్పట్లు పడ్డాయి గాని, ఇతన్ని పట్టించుకున్న పాపాన ఎవరూ పోలేదు. అలాంటివాడికి పంతొమ్మిది వందల అరవై ఒకటిలో, ఊళ్లో నాటకాలాడే మిత్రమండలి వాళ్లు ఏకంగా ఫ్రాన్సు రాజు వేషం ఇచ్చారు. యాకోబు ఎగిరి గంతేశాడు. నాటకంలో తన చావు చూసి మెదక్‌లో ఒక్కరైనా కంటతడి పెట్టాలి, అంతే అతని కోరిక.

కొంప ముంచింది బోర్డులు రాసే వెంకట్రాములు. ‘పదహారో లూయీకి మరణశిక్ష’ అని రాయమంటే, ఆ మహానుభావుడు ‘పదహారు లూయీలకు మరణశిక్ష’ అని బారెడు అక్షరాలతో రాసి బస్టాండులో కట్టాడు. ఒకేసారి పదహారు తలలు! నర్సాపూర్ బస్సు దిగినవాళ్లు కూడా ఇంటికి పోకుండా బడి మైదానానికి వచ్చి కూర్చున్నారు.

శనివారం మధ్యాహ్నం నాటకం మొదలైంది. యాకోబు దర్జాగా వచ్చి, ప్రజలను క్షమిస్తున్నానని చెప్పి, పాత ద్వారబంధంతో చేసిన గిలెటిన్ కింద మెడ పెట్టాడు. తలారి వేషంలో ఉన్న ఇంద్రకరణ్ తాడు వదిలాడు. రేకు కత్తి దభీమని పడింది, తలకు బదులు గుమ్మడికాయ దొర్లింది. ఒక్క కన్నూ చెమ్మగిల్లలేదు.

"ఒకటి!" అని అరిచింది ముందు వరుసలో కూరగాయల గంపతో కూర్చున్న ఐలమ్మ. "ఇగ పదిహేను!"

"గొక్కడే అవ్వా. ఆయన పదహారో లూయీ," అన్నాడు ఇంద్రకరణ్.

"గట్లెట్ల? బోర్డు సదివిచ్చుకోని మరీ వచ్చిన. కడమ పదిహేను మందిని యాడ దాస్తిరి?"

మైదానమంతా ఒకటే ఈలలు. చేసేదేముంది, యాకోబు లేచి, కిరీటం దులుపుకుని, మళ్లీ మెడ పెట్టాడు. తలలకు ఐలమ్మ గంపే దిక్కయింది, ఆమె కూడా సంబరంగా అందించింది. రెండో లూయీకి ఆనపకాయ, మూడో లూయీకి కాకరకాయ. ఏడో లూయీకి వంకాయ తల వచ్చేసరికి తలారే నవ్వాగక తాడు పట్టుకుని కూలబడ్డాడు. యాకోబు మాత్రం ప్రతిసారీ ప్రజలను క్షమించి మరీ చచ్చాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే అతనికి కడుపు మండిపోయింది.

పదిహేనోసారికి క్షమించి క్షమించి గొంతు బొంగురుపోయింది. నేర్చుకున్న మాట గుర్తుకు రాలేదు. "మీరంత సల్లగుండుండ్రి," అన్నాడు. కత్తి పడింది. ఐలమ్మ లెక్క ఆగిపోయింది.

పదహారో తల కోసం ఇంద్రకరణ్ చెయ్యి చాపాడు. గంపలో మిగిలిన దోసకాయను ఆమె కొంగులో దాచుకుంది. చెంపలు తడిసిపోయి ఉన్నాయి.

"నేనియ్య! ఎన్నిసార్లు సంపుతరు బిడ్డను? సచ్చేటోడు సల్లగుండుమంటుంటే నవ్వెట్లొస్తున్నది మీకు? గీ ఒక్కన్నన్న ఇడిశిపెట్టుండ్రి!"

నవ్వులు ఆగాయి. తర్వాత "ఇడిశిపెట్టుండ్రి!" అంటూ మైదానం మొత్తం లేచింది. ఆ విధంగా ఫ్రాన్సులో తల పోగొట్టుకున్న పదహారో లూయీ మెదక్‌లో బతికి బయటపడ్డాడు.

యాకోబుకు అదేమీ పట్టలేదు. "ఏడ్సింది! వెంకట్రాములూ, అవ్వ ఏడ్సిందిరా!" అని జనంలో ఉన్న ఆ బోర్డులాయనకు వినపడేలా అరుస్తూ, కిరీటం గాల్లోకి విసిరి, ఒంటె వెనక కాళ్ల గంతులు వేశాడు.

ఐలమ్మ కళ్లు తుడుచుకుని, దాచిన దోసకాయ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"తీస్కపో బిడ్డా. పప్పుల ఏసుకో."